చచ్చిన కోడికి పరిహారం ఎందుకివ్వరు?

చలి ముదురుతోంది. మన దగ్గర బర్డ్‌ఫ్లూ వస్తే ఎక్కువగా ఈ నెలల్లోనే వస్తుంది. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు పేర్లు దేశమంతా వినిపించాయి. ఆ వెనకే ఉంగుటూరు మండలం బాదంపూడి, ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం. అంతకు ఏడాది ముందు, 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా చాటగుట్ల, గుమ్మళ్లదిబ్బ. ఇంకా వెనక్కి వెళ్తే 2015లో హైదరాబాద్ పక్కనే హయత్‌నగర్ మండలం తొర్రూరు. ఊళ్ల పేర్లు మారుతున్నాయి గానీ జరిగే తంతు మాత్రం మారడం లేదు.

ఆ తంతు ఏమిటో కోళ్లు పెంచేవాళ్లందరికీ తెలుసు. మొదట నాలుగు కోళ్లు తల వాల్చేస్తాయి. మర్నాటికి నలభై. ఎండదెబ్బో, నీళ్ల తేడానో, రాణిఖెత్తో అని మందుల షాపువాడు ఇచ్చింది నీళ్లలో కలుపుతాం. మూడో రోజుకి షెడ్డులో నడవడానికి దారి ఉండదు. అప్పుడు పశువైద్యుడు వస్తాడు, శాంపిల్ తీస్తాడు, అది భోపాల్ వెళ్తుంది. అక్కడి జాతీయ ప్రయోగశాల హెచ్5ఎన్1 అని చెప్పేదాకా ఇక్కడ ఎవరూ ఆ మాట నోట అనరు. అన్నాక మాత్రం ఒక్కసారిగా పోలీసులు, బారికేడ్లు, తెల్ల డ్రెస్సులు, టీవీ కెమెరాలు. కిలోమీటరు చుట్టులో ఉన్న ప్రతి కోడినీ చంపి గోతిలో వేసి సున్నం చల్లుతారు. పది కిలోమీటర్ల దాకా నిఘా పెడతారు. రెండొందల కిలోమీటర్ల అవతల కూడా చికెన్ కొట్టు ముందు ఈగలు తప్ప మనుషులు కనిపించరు. నెల తిరిగేసరికి అందరూ మర్చిపోతారు, ఫారం రైతు, అతనికి అప్పిచ్చినవాడు తప్ప.

ఈసారి మేం రాయాలనుకున్నది కోళ్ల రైతు నష్టం గురించి మాత్రమే కాదు. అది మన పత్రికలో చాలాసార్లు రాసుకున్నాం. రేపు ఈ రోగం మనుషుల్లో మహమ్మారిగా మారకుండా ఆపాలని ఢిల్లీ నుంచి జెనీవా దాకా సభలు జరుగుతున్నాయి. పథకాలు వస్తున్నాయి, నిధులు వస్తున్నాయి. ఆ పథకాలన్నీ చివరికి ఒక్కదాని మీద ఆధారపడి ఉన్నాయి. షెడ్డులో కోడి తల వాల్చిన మొదటిరోజే రైతు ఫోన్ చేస్తాడా, చెయ్యడా? దాని గురించి మాట్లాడేవాళ్లు మాత్రం తక్కువ.

ముందు రోగం సంగతి కొంచెం చెప్పుకుందాం. ఇంగ్లీషులో పెద్ద పెద్ద మాటలతో చెప్తుంటే మనవాళ్లు అది తమది కాదనుకుంటున్నారు. ఈ హెచ్5ఎన్1 వైరస్ జాతి 1996లో దక్షిణ చైనాలో బాతుల జాతి పక్షుల్లో బయటపడింది. 1997లో హాంకాంగ్‌లో కోళ్ల నుంచి మనుషులకు సోకింది. 18 మందికి వస్తే ఆరుగురు చనిపోయారు. అప్పుడు అక్కడి ఆరోగ్యశాఖ డైరెక్టర్ మార్గరెట్ చాన్. తర్వాత ఆమే ప్రపంచ ఆరోగ్య సంస్థకు అధిపతి అయ్యారు. హాంకాంగ్‌లో ఉన్న కోళ్లన్నిటినీ, పది లక్షలకు పైగా, కొద్దిరోజుల్లోనే చంపించారు. అక్కడికి ఆగింది. కానీ 2003 తర్వాత అది ఆసియా అంతా పాకింది. అప్పటినుంచి 25 దేశాల్లో 900 మందికి పైగా సోకిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వాళ్లలో సగానికి దగ్గరగా చనిపోయారు. కొద్దిపాటి జ్వరంతో తగ్గిపోయినవాళ్లు ఆ లెక్కలోకి రారు కాబట్టి అసలు ప్రమాదం అంతకంటే తక్కువే ఉండొచ్చు. అయినా చిన్న సంఖ్య కాదు.

మరి ఇన్నేళ్లలో మహమ్మారి ఎందుకు కాలేదు? కోడి నుంచి మనిషికి వస్తోంది గానీ, ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి తేలిగ్గా పాకడం దానికి ఇంకా చేతకాలేదు. మన ముక్కులో, గొంతులో అతుక్కోవడానికి ఈ వైరస్‌కు సరైన పట్టు దొరకదు. ఊపిరితిత్తుల్లోకి లోతుగా, ఎక్కువ మోతాదులో వెళ్తేనే పట్టుకుంటుంది. కానీ ఫ్లూ వైరస్‌లది మారిపోయే గుణం. ఒకే మనిషి ఒంట్లో మామూలు పడిశం ఫ్లూ, కోడి ఫ్లూ రెండూ ఒకేసారి చేరితే, అవి ముక్కలు మార్చుకుని మూడోదాన్ని పుట్టించగలవు. పందుల ఒంట్లోనూ అంతే. 1918 నాటి ఫ్లూ వైరస్ మూలం పక్షులదేనని శాస్త్రవేత్తలు చెప్తున్నారు. ఆ జ్వరానికి మన దేశంలోనే కోటి మందికి పైగా పోయారు. మన తాతల ఊళ్లలో పాడె మోసేవాళ్లు దొరకలేదని చెప్పుకునేవారు.

కాబట్టి ఎంత ఎక్కువమంది మనుషులు, ఎన్ని ఎక్కువ రోజులు జబ్బు కోళ్ల మధ్య గడిపితే వైరస్‌కు అన్ని అవకాశాలు ఇచ్చినట్టు. నివారణ అంటే ఆ అవకాశాలు తగ్గించడం. వైరస్ షెడ్డులోకి వచ్చిన రోజుకీ, షెడ్డు ఖాళీ అయిన రోజుకీ మధ్య దూరం తగ్గించాలి. మిగతావన్నీ దాని తర్వాతే.

ఆ దూరం మన దగ్గర ఎందుకు తగ్గడం లేదు? 2025లో గోదావరి జిల్లాల్లో కోళ్లు చావడం జనవరిలోనే మొదలైంది. హెచ్5ఎన్1 అని బయటపెట్టింది ఫిబ్రవరి రెండో వారంలో. ఈలోగా చచ్చిన కోళ్లు రోడ్ల పక్కన, కాలువల్లో తేలిన ఫొటోలు పత్రికల్లో అందరూ చూశారు. కొందరు పెద్ద ఫారాలవాళ్లు బతికున్నవాటిని సగం ధరకు లారీలెక్కించి పంపేశారని కూడా మా దృష్టికి వచ్చింది. ఆ పని తప్పు, దాన్ని మేం వెనకేసుకు రాం. అంటువ్యాధి అనుమానం ఉంటే యజమాని వెంటనే తెలియజేయాలని 2009లో పార్లమెంటు చేసిన చట్టమే ఉంది. కానీ చట్టం ఒకవైపు చెప్పమంటుంటే, పరిహారం నిబంధన ఇంకోవైపు నోరు మూసుకోమంటోంది.

ఆ నిబంధన ఇది. అధికారులు చంపిన కోడికే పరిహారం. తగలబెట్టిన గుడ్లకు, దాణాకు కూడా కొంత ఇస్తారు. రోగంతో తనంతట తాను చచ్చిన కోడికి మాత్రం ఒక్క రూపాయి లేదు.

ఒక లెక్క వేసుకుందాం. ఒక రైతుకి 20 వేల లేయర్ కోళ్లు ఉన్నాయనుకోండి. మొదటిరోజు నలభై చచ్చాయి. అతను నిజాయితీగా ఫోన్ చేశాడు. శాంపిల్ తీసుకున్నారు. ఆ క్షణం నుంచి గుడ్డు బయటికి వెళ్లకూడదు, కోడి కదలకూడదు, సరేనన్నాడు. భోపాల్ నుంచి కబురు రావాలి, కలెక్టర్ ఉత్తర్వు రావాలి, టీములు రావాలి. హెచ్5ఎన్1 కోళ్లలో ఎంత వేగంగా పాకుతుందో చూసినవాళ్లకి తెలుసు, షెడ్డుకి షెడ్డే రోజుల్లో పడిపోతుంది. టీము వచ్చేసరికి 12 వేలు చచ్చాయి, 8 వేలు మిగిలాయి. ఆ ఎనిమిది వేలకే పరిహారం. మొదటిరోజే ఫోన్ చేసి గుడ్లమ్మకం ఆపుకున్నవాడికి దక్కింది ఇది. ఫోన్ చెయ్యకుండా, చావు మొదలైన రాత్రే బతికున్నవన్నీ లారీ ఎక్కించేసినవాడికి ఏదో ఒక ధర వచ్చింది. నిజాయితీ ఉన్నవాడు మునిగాడు, లేనివాడు ఒడ్డెక్కాడు. ఈ లెక్క రైతుకి తెలియదనుకుంటున్నారా? అప్పు ఇచ్చినవాడికి అంతకంటే బాగా తెలుసు.

పరిహారం తీసుకున్నవాడి పరిస్థితైనా బాగుందా అంటే అదీ లేదు. శుద్ధి చేశాక మూడు నెలలు కొత్త పిల్లలు దింపొద్దన్నారు. మంచిదే, వైరస్ చావాలి. ఆ తర్వాత రోజు వయసు పిల్ల దింపితే గుడ్డు పెట్టడానికి 18 నుంచి 20 వారాలు. అంటే కనీసం ఎనిమిది నెలలు ఒక్క గుడ్డు అమ్మకం ఉండదు. బ్యాంకు వడ్డీ ఆగదు, కరెంటు మినిమం ఛార్జీ ఆగదు. అందులో చివరి ఐదు నెలలు దాణా కూడా కొనాలి. కోడికి కట్టిచ్చే పరిహారంలో ఈ ఖాళీ నెలల లెక్క ఎక్కడా లేదు.

బ్రాయిలర్ ఇంటిగ్రేషన్ రైతుది ఇంకో కథ. పిల్ల కంపెనీది, దాణా కంపెనీది, మందు కంపెనీది. షెడ్డు, కరెంటు, నీళ్లు, నలభై రోజుల కాపలా మనది. కిలోకి ఇంత అని పెంపకం కూలి. కోడి కంపెనీదని కాగితం చెప్తుంది కాబట్టి కోడికిచ్చే పరిహారం మీద మాట్లాడే హక్కు కంపెనీకే. షెడ్డు ఖాళీగా ఉన్నన్ని నెలలూ పెంపకందారుడికి కూలి లేదు. చావులు ఎక్కువగా ఉన్నాయని మొదట సూపర్‌వైజర్‌కి చెప్పాలా, పశువైద్యుడికి చెప్పాలా అంటే చాలామంది ఒప్పందాల్లో దానికి జవాబే లేదు. సూపర్‌వైజర్‌కి చెప్పకుండా ప్రభుత్వానికి ఫోన్ చేస్తే తర్వాతి బ్యాచ్ పిల్లలు వస్తాయో రావో అన్న భయం మాత్రం ఉంది.

ఇక నాటుకోళ్లు. ఫారానికి కిలోమీటరు లోపల ఉన్న ఇళ్లలోని నాటుకోళ్లనూ చంపాల్సిందే. అవి ఎక్కువగా ఆడవాళ్లవి. పిల్లల ఫీజుకో, పండక్కో, ఒంట్లో బాగాలేనప్పుడు ఆస్పత్రి ఛార్జీకో ఒక కోడిని అమ్ముకుంటారు. సంక్రాంతికి పుంజు ఎంత పలుకుతుందో గోదావరి జిల్లాల్లో ఎవరినడిగినా చెప్తారు. ప్రభుత్వం ఇచ్చే రేటులో ఆ ధరకూ సంబంధమే ఉండదు. టీము వస్తోందనగానే గంప కింద పెట్టి పైన గోనెసంచి కప్పేసిన ఇళ్లు మేం చూశాం. 2008లో పశ్చిమ బెంగాల్‌లో ఇదే పెద్ద ఎత్తున జరిగింది. అక్కడ నలభై లక్షల దాకా కోళ్లను చంపారు, జనం చీకటిపడ్డాక కోళ్లను పక్క ఊళ్లకు దాటించారు. వైరస్ కూడా వాటితోపాటే దాటింది. కేరళలో బాతుల రైతులకు రెండు నెలలు దాటిన పక్షికి 200, లోపుదానికి 100 రూపాయలు ప్రకటించారు. అదీ సరిపోదని కుట్టనాడు రైతులు అంటారు. అయినా ఒక రాష్ట్రం తనకు తానుగా రేటు పెంచుకోవడానికి ఎవరూ అడ్డుపడలేదని దాన్నిబట్టి తెలుస్తోంది.

ప్రపంచ బ్యాంకుతో మన సంఘానికి ఏకాభిప్రాయం కుదిరే విషయాలు తక్కువ. కానీ 2006లోనే ఆ బ్యాంకు, ఐక్యరాజ్య సమితి వ్యవసాయ సంస్థ కలిసి బర్డ్‌ఫ్లూ పరిహారం మీద ఒక నివేదిక ఇచ్చాయి. రేటు మరీ తక్కువైతే రైతు దాస్తాడు, మరీ ఎక్కువైతే ఎక్కడి జబ్బు కోళ్లనో తెచ్చి లెక్కలో కలుపుతాడు, కాబట్టి మార్కెట్ ధరలో సగానికి తగ్గకుండా, వీలైతే 75 నుంచి 90 శాతం దాకా, అదీ త్వరగా ఇవ్వాలన్నాయి. ఇది మన ఊరి రచ్చబండ మీద కూర్చున్న ఎవరైనా చెప్పగలరు. ఇంగ్లీషు నివేదికలో ఉందంటే అధికారులు వింటారేమోనని ఇక్కడ రాస్తున్నాం.

చచ్చిన కోడికి ఇస్తే మోసాలు జరుగుతాయని అధికారులు అంటారు. రాణిఖెత్‌తో చచ్చినవాటిని కూడా ఇందులో రాసేస్తారట. నిజమే, అలాంటివాళ్లు ఉంటారు. దానికి దారి లేదా? పిల్లలు దింపినప్పుడు హేచరీ బిల్లు ఉంటుంది. దాణా బిల్లులు ఉంటాయి. ఒక లేయర్ రోజుకి సుమారు 110 గ్రాములు తింటుంది, దాణా లెక్కను బట్టే ఎన్ని కోళ్లున్నాయో చెప్పొచ్చు. రైతు ఫోన్ చేసిన రోజున రైతు సేవా కేంద్రం పశుసంవర్ధక సహాయకుడు వచ్చి తల లెక్క రాసి సంతకం పెట్టాలి. తర్వాత భోపాల్ రిపోర్టు పాజిటివ్ వస్తే ఆ రోజు లెక్కనుబట్టి మొత్తానికీ కట్టాలి, చచ్చినవైనా చంపినవైనా. నెగటివ్ వస్తే ఏమీ ఇవ్వొద్దు. మేం అడుగుతున్నది ఇంతే. పరిహారం గడియారం టీము వచ్చిన రోజున కాదు, రైతు ఫోన్ చేసిన రోజున మొదలవ్వాలి.

ఇందులో కేంద్రానిది సగం, రాష్ట్రానిది సగం ఖర్చు. డబ్బు లేదనడానికి కుదరదు. జంతువుల నుంచి వచ్చే మహమ్మారుల్ని ఎదుర్కొనే సన్నద్ధత కోసం అంతర్జాతీయ పాండమిక్ ఫండ్ నుంచి మన దేశానికి రెండున్నర కోట్ల డాలర్లు, అంటే సుమారు 200 కోట్ల రూపాయలు మంజూరై 2024 అక్టోబరులో పథకం మొదలైంది. ప్రయోగశాలలకు, నిఘాకు, శిక్షణకు అన్నారు. అవన్నీ కావలసినవే. వన్ హెల్త్ అని మనిషి, పశువు, అడవి మూడింటి ఆరోగ్యాన్నీ కలిపి చూడాలంటున్నారు, అదీ సరైన మాటే. 2024 ఆగస్టులో అజ్మీర్‌లో మాక్ డ్రిల్ కూడా చేశారు. అయితే డ్రిల్లులో రైతు ఎప్పుడూ టైముకే ఫోన్ చేస్తాడు కదా!

మనుషుల సంగతికి వద్దాం. కోళ్లను చంపడానికి వచ్చే టీముకి కిట్లు ఇస్తారు, మాస్కు, కళ్లద్దాలు, టామిఫ్లూ మాత్రలు ఇస్తారు, పది రోజులు జ్వరం చూస్తారు. బాగుంది. కానీ వాళ్లు రాకముందు పదిరోజులపాటు చచ్చిన కోళ్లను చేతుల్తో ఏరి, తట్టల్లో మోసి, గోతిలో వేసినవాళ్లు ఎవరు? ఫారంలోనే రేకుల గదిలో కాపురముండే కూలి కుటుంబాలు. ఒడిశా నుంచి, బెంగాల్ నుంచి, బీహార్ నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ. పిల్లలు ఆ షెడ్డు పక్కనే ఆడుకుంటారు. వైరస్ ఎక్కువగా తగిలింది వాళ్లకి. కిట్టు దక్కింది మాత్రం ఆఖరున వచ్చినవాళ్లకి. కోళ్లను చంపేశాక ఈ కుటుంబాలకు పని ఉండదు. పని లేకపోతే రైలెక్కి సొంతూరు వెళ్తారు. జ్వరం ఉన్నా వెళ్తారు. ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి సర్వే చేసేసరికి ఆ గదికి తాళం ఉంటుంది.

అమెరికా లాంటి చోటే ఇది జరిగింది. 2024 మార్చిలో టెక్సాస్, కాన్సస్ రాష్ట్రాల్లో పాడి ఆవుల్లో హెచ్5ఎన్1 బయటపడింది. ఆవులకు వస్తుందని అంతవరకు ఎవరూ అనుకోలేదు. తర్వాత వెయ్యికి పైగా మందలకు పాకింది. 70 మంది దాకా మనుషులకు సోకింది, దాదాపు అందరూ పాలు పిండే కూలీలు, కోళ్లను చంపే కూలీలే. చాలామందికి వచ్చింది కళ్లు ఎర్రబడటం, మంట. 2024 జులైలో కొలరాడోలో ఒక గుడ్ల ఫారంలో కోళ్లను చంపుతున్నప్పుడు షెడ్డులో వేడి 40 డిగ్రీలు దాటింది. పెద్ద ఫ్యాన్లు ఈకల్నీ దుమ్మునీ లేపుతున్నాయి. చెమటకి మాస్కులు జారిపోయాయి. వాళ్లలో కొందరికి వైరస్ సోకింది. మన తణుకులో, పెరవలిలో ఆ ప్లాస్టిక్ డ్రెస్సు వేసుకుని మధ్యాహ్నం గంటసేపు నిలబడి చూడమనండి ఎవరినైనా. కిట్లు ఇచ్చామని లెక్క రాయడం వేరు, వేసుకోగలిగేలా పనిగంటలు పెట్టడం వేరు. చల్లటి పూట పని, గంటకోసారి విరామం, మార్చుకోవడానికి రెండో జత. ఇవి ఖర్చుతో కూడినవి కావు.

ఇంకొకటి. మామూలు ఫ్లూ, కోడి ఫ్లూ ఒకే ఒంట్లో కలవకూడదన్నాం కదా. అందుకే అమెరికాలో 2024లో పశువుల, కోళ్ల కూలీలకు మామూలు సీజనల్ ఫ్లూ టీకా వేయించడానికి నిధులు పెట్టారు. ఫిన్లాండ్ ఇంకో అడుగు ముందుకేసి నేరుగా బర్డ్‌ఫ్లూ టీకానే రిస్కులో ఉన్న కార్మికులకు ఇచ్చింది. మన దగ్గర కనీసం ఫారం కూలీలకు, పశుసంవర్ధక శాఖ సిబ్బందికి, చికెన్ కొట్లలో కోసేవాళ్లకు ఏటా అక్టోబరులో సీజనల్ ఫ్లూ టీకా ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితంగా వెయ్యొచ్చు. 2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో కోళ్లు, బాతులు కలిపి పది కోట్ల 78 లక్షలు, తెలంగాణలో దాదాపు ఎనిమిది కోట్లు. ఇన్ని కోట్ల పక్షుల మధ్య రోజూ బతికేవాళ్ల లెక్క మాత్రం ఏ శాఖ దగ్గరా విడిగా కనిపించదు.

2025 మార్చిలో పల్నాడు జిల్లాలో రెండేళ్ల పాప ఈ రోగంతో చనిపోయింది. మన రాష్ట్రంలో ఇలాంటి మరణం అదే మొదటిది. పచ్చి కోడిమాంసం ముక్క తిన్నదని ఇంట్లోవాళ్లు చెప్పినట్టు పత్రికల్లో వచ్చింది. ఇంట్లో మిగతా ఎవరికీ రాలేదు. దేశంలో అంతకుముందు 2021లో హర్యానాకు చెందిన పదకొండేళ్ల బాబు పోయాడు. ఆ కన్నవాళ్లను తప్పుపట్టే మాటలు అప్పట్లో ఫోన్లలో తెగ తిరిగాయి, మాకు చాలా బాధ వేసింది. కోడిని కోసే చోట పిల్లల్ని ఉంచకూడదని, పచ్చిమాంసం ముట్టుకున్న చేతులు సబ్బుతో కడగాలని, కత్తిపీట విడిగా ఉంచాలని అంతకుముందు ఆ వీధికి వెళ్లి చెప్పినవాళ్లు ఎంతమంది? 70 డిగ్రీల వేడికి వైరస్ చస్తుంది. మన కూర కుతకుత ఉడుకుతుంది కాబట్టి వండిన కోడితో భయం లేదు. భయం వండకముందే. ఈ రెండు మాటలూ కలిపి చెప్పాలి. కోళ్ల వ్యాపారులు మొదటిమాటే చెప్తారు. చికెన్ మేళాలు పెట్టి ఉచితంగా వడ్డిస్తారు, నాయకులు స్టేజి ఎక్కి లెగ్‌పీసు పట్టుకుని ఫొటో దిగుతారు. టీవీలు అసలు తినొద్దన్నట్టు బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ పెడతాయి. మధ్యలో కత్తిపీట దగ్గర కూర్చున్న తల్లికి కావలసిన మాట ఎవరూ చెప్పరు.

రోగం ఎలా వస్తోందంటే వలస పక్షుల మీద నెట్టేయడం అందరికీ తేలికైపోయింది. కొల్లేటికి, ఆటపాకకి పక్షులు వందల ఏళ్లుగా వస్తున్నాయి. వాటి రెట్టల్లో వైరస్ ఉండొచ్చు, కాదనం. కోతలయ్యాక పొలాల్లో మేపే బాతుల మందలకు, వాటినుంచి కోళ్లకు రావచ్చు. కానీ ఫారం నుంచి ఫారానికి మోసేది దాణా లారీ చక్రం, కడగని గుడ్ల ట్రే, లిఫ్టింగ్‌కి వచ్చిన కుర్రాళ్ల చెప్పులు, చచ్చిన కోళ్లు వేసిన కాలువ నీళ్లు. కోడి వ్యర్థాలు చేపల చెరువుల్లో వేయకూడదని నిషేధం ఉన్నా రాత్రిపూట డ్రమ్ముల్లో ఆ వ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. పక్షిని ఆపలేం గానీ వ్యాన్‌ని ఆపొచ్చు. ఈ వ్యాపారం వెనక ఎవరున్నారో మండలంలో అందరికీ తెలుసు కాబట్టే ఆగడం లేదు.

కోళ్లకు టీకా వేయాలా వద్దా అన్న చర్చ కూడా నడుస్తోంది. చైనా ఎప్పటినుంచో వేస్తోంది. ఫ్రాన్స్ 2023 అక్టోబరు నుంచి బాతులకు వేస్తోంది, ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వమే పెట్టుకుంది. మన దేశం విధానం మాత్రం పరీక్షించి చంపడమే. తక్కువ తీవ్రత ఉన్న హెచ్9ఎన్2 రకానికి భోపాల్ ప్రయోగశాలే టీకా తయారుచేసింది. 2025 ఏప్రిల్‌లో కేంద్ర శాఖ పరిశ్రమవాళ్లతో కూర్చుని టీకా గురించి మాట్లాడింది, ఫారాలన్నీ నెలలోపు రిజిస్టర్ చేయించుకోవాలంది. టీకా వేస్తే కోడి చావదు గానీ వైరస్ కనిపించకుండా తిరగొచ్చన్న భయం ఉంది, గుడ్ల ఎగుమతికి అడ్డొస్తుందన్న భయమూ ఉంది. మా అభిప్రాయం ఏమిటంటే, గట్టి నిఘాతో ముందు ఒకటి రెండు జిల్లాల్లో వేసి చూడాలి, ఖర్చు చిన్న రైతు మీద పడకూడదు. నిఘా లేకుండా టీకా వేస్తే పొగ కనబడకుండా మంట మీద తట్ట బోర్లించినట్టే. ఆ సమావేశంలో పెంపకందారుల సంఘాలు, కూలీల సంఘాలు ఎక్కడున్నాయన్నది మేం అడుగుతున్న ఇంకో ప్రశ్న.

రిజిస్ట్రేషన్‌కి మేం వ్యతిరేకం కాదు. షెడ్డు ఎవరిది, లీజుకి నడుపుతున్నది ఎవరు, కోడి ఎవరిది, ఎంతమంది కూలీ కుటుంబాలు ఉంటున్నాయి అన్న నాలుగు వివరాలూ అందులో ఉండాలి. భూమి విషయంలో కౌలుదారు పేరు కాగితంలో లేకపోతే ఏం జరుగుతుందో తుపాను నష్టపరిహారాల్లో చూస్తూనే ఉన్నాం.

రాష్ట్రంలోనే రోగనిర్ధారణ జరగాలన్నది మా పాత డిమాండే. భోపాల్‌ది జాతీయ ప్రయోగశాల, ఆఖరిమాట దానిదే ఉండనివ్వండి. కానీ మొదటి పరీక్ష ఇక్కడ రెండు రోజుల్లో జరిగి, ఆ ఫలితం మీదే కూలీలకు మందులు, కిట్లు వెంటనే రావాలి. పశువైద్యుల ఖాళీలు నింపకుండా ఏ పథకమైనా కాగితమే. ఒక డాక్టరు గారు మూడు మండలాలు చూసుకుంటున్నచోట ఆయన్ని తిట్టి లాభం లేదు.

మండల కమిటీలకు ఈ నెల పని. ప్రతి ఊళ్లో ఫారాలు, లీజుదారులు, ఇంటిగ్రేషన్ పెంపకందారులు, ఫారంలో ఉండే కూలీ కుటుంబాల జాబితా రాయండి. 2024, 2025లో కోళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఎన్ని చచ్చాయి, ఎన్నిటికి పరిహారం వచ్చింది, ఏ తేదీన వచ్చింది అన్నది బిల్లులతో సహా సేకరించండి. కలెక్టర్‌కి ఇచ్చే వినతిపత్రానికి అదే ఆధారం. ఈలోగా ఎవరి షెడ్డులోనైనా మామూలుకు మించి చావులు కనిపిస్తే 1962కి ఫోన్ చెయ్యండి, చేసిన తేదీ, టైము, మాట్లాడినవారి పేరు నోటుబుక్కులో రాసుకోండి, ఆ రోజు తల లెక్కకు ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించండి. చచ్చినవాటిని ఉత్తి చేతులతో పట్టుకోవద్దు, కాలువలో వేయొద్దు, లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చండి. షెడ్డులో పనిచేసే ఎవరికైనా జ్వరం, దగ్గు, కళ్లు ఎర్రబడటం ఉంటే ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్లి, కోళ్ల ఫారంలో పనిచేస్తారని డాక్టరుకి ముందే చెప్పండి.